చక్రధారులకు జేజేలు

వెబ్‌సైటు కట్టడంలో గొప్పేముంది? కాలేజీ పిల్లలు కూడా కడుతున్నారు. అసలు తెరుచుకోకుండా చెయ్యడంలోనూ గొప్ప లేదు, కరెంటు పోతే ఆ పని దానంతటదే జరుగుతుంది. పూర్తిగా తెరుచుకున్నట్టే కనబడుతూ, మనకు కావలసిన ఆ ఒక్క బటన్ మాత్రం పనిచెయ్యని వెబ్‌సైటు కట్టడం ఉంది చూశారూ, అది విద్య. పైన బ్యానరు ధగధగలాడుతుంది. పెద్దల ఫోటోలు ఒకదాని వెనక ఒకటి జారుకుంటూ వస్తాయి. ‘కొత్త’ అనే ఎర్ర ముక్క మిణుకు మిణుకుమంటుంది. ప్రకటనల వరస కుడి నుంచి ఎడమకి అలుపు లేకుండా నడుస్తుంది. ‘సమర్పించు’ దగ్గర మాత్రం ఒక చిన్న చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. వైకుంఠంలో ఆయన చక్రం వదిలితే పని ముగించుకుని వెనక్కి వస్తుందంటారు. మీ చక్రం బయల్దేరదు, తిరిగి రాదు, ఆగదు. కనక ఓ చక్రధారులారా, వెబ్‌సైట్ల నిర్మాతలారా, వాటికి సహాయ కేంద్రాలు నడిపే పుణ్యమూర్తులారా, మీకు జేజేలు.

కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ఒక శతకం పొడుగునా ఎత్తిపొడిచాడు. లోపల ఉన్నది భక్తి. నేను మిమ్మల్ని పొగడటానికే కూర్చున్నాను. లోపల ఏముందో మీకు తెలుసు.

ముందుగా మీ భూగోళ పాండిత్యం. ఏ దరఖాస్తు చూసినా జిల్లా అని ఒక పెట్టె, మండలం అని ఒకటి, గ్రామం అని ఒకటి. జిల్లా ఎంచుకుంటే మండలాల జాబితా దిగాలి. దిగదు. ‘సెలెక్ట్’ అన్న మాట తప్ప ఆ పెట్టెలో ఏ మండలమూ పుట్టి ఉండదు. దీని వెనక మీరు నడిపే కథ మా బోటివాళ్లకు తెలియదు కాబట్టి చెప్పుకుందాం. మండలాల జాబితా పేజీతో పాటు రాదు. మనం జిల్లా నొక్కాక జావాస్క్రిప్ట్ వెనకదారిన సర్వర్‌ని మళ్లీ అడిగి తెస్తుంది. ఈలోగా సెషన్ గడువు తీరిపోయి ఉంటే సర్వర్ జాబితాకు బదులు లాగిన్ పేజీని పంపుతుంది. జాబితా కోసం చెయ్యి చాచిన స్క్రిప్టుకు ఆ పేజీని ఏం చేసుకోవాలో తెలియదు. లేదా పేజీ మొత్తం హెచ్‌టీటీపీఎస్ మీద వస్తుంది, జాబితా చిరునామా మాత్రం ఎవరో మార్చడం మరిచిపోయి పాత హెచ్‌టీటీపీ మీదే ఉండిపోతుంది. అలాంటి కలగాపులగాన్ని బ్రౌజర్ ఒప్పుకోదు, అడ్డంగా ఆపేస్తుంది. రెండు సందర్భాల్లోనూ ‘జాబితా రాలేదు, తప్పు మీది కాదు’ అని ఒక్క ముక్క తెర మీద పడేస్తే మనిషికి సంగతి తెలుస్తుంది. కానీ మీరు మితభాషులు. ఖాళీ పెట్టెను చూపించి ఊరుకుంటారు. తప్పు తన వేలిదేనేమోనని మనిషి ఆ జిల్లానే మళ్లీ మళ్లీ నొక్కుతుంటాడు. తెలంగాణ జిల్లాలు 2016లో 10 నుంచి 31, ఆ తరవాత 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022లో 13 నుంచి 26 అయ్యాయి. ఏ ఫారంలోనైనా ఇంకా పాత పటమే కనబడితే, అది మీ చరిత్రాభిమానం అనుకుని దండం పెట్టుకోవాలి.

ఇక మీ మహామంత్రం. ఫోన్ ఎత్తిన పిల్లవాడు ఎంత మర్యాదస్థుడో! ‘సార్, ఒకసారి క్యాచీ క్లియర్ చేసి చూడండి.’ రోగం ఏదైనా మందు అదే. ఫోటో అప్‌లోడ్ కాలేదా, క్యాచీ. హాల్ టికెట్ డౌన్‌లోడ్ కాలేదా, క్యాచీ. డబ్బు కట్టినా రసీదు రాలేదా, క్యాచీ. ఓటీపీ రాలేదన్నా అదే మాట. ఓటీపీ వచ్చేది జేబులో ఫోన్‌కి, క్యాచీ ఉన్నది బల్ల మీద కంప్యూటర్లో. మీ మందుకు ఆ దూరం ఒక లెక్కా?

క్యాచీ అంటే బ్రౌజర్ దాచుకునే సరుకు. బొమ్మల్నీ స్క్రిప్టుల్నీ ప్రతిసారీ తెచ్చుకోకుండా ఒకసారి తెచ్చినవాటిని ఇంట్లో పెట్టుకుంటుంది. అది ఎప్పుడు అడ్డం తిరుగుతుందంటే, మీరు రాత్రికి రాత్రి వెబ్‌సైటు మార్చినప్పుడు. పేజీ కొత్తది వస్తుంది, స్క్రిప్టు మా దగ్గర దాచినది పాతది. కొత్త పేజీలోని బటన్ ఒక పని పేరు పెట్టి పిలుస్తుంది, ఆ పేరుగల పని పాత స్క్రిప్టులో ఉండదు. బటన్ చచ్చిపోతుంది. నిజమే, అప్పుడు క్యాచీ తుడిస్తే బతుకుతుంది. కానీ దీనికి అసలు మందు మీ అలమారలోనే ఉంది. స్క్రిప్టు మార్చినప్పుడల్లా ఫైలు పేరు చివర నాలుగక్షరాలు మారిస్తే బ్రౌజర్ దాన్ని కొత్త సరుకనుకుని తెచ్చుకుంటుంది. ఈ ఉపాయం ఈ వృత్తిలో ఓనమాలు దిద్దినవాడికల్లా తెలుసు. ఒక్కరు ఒక్కసారి నాలుగక్షరాలు మార్చే బదులు, లక్షమంది కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడు మీటలూ కలిపి నొక్కాలని మీరు నిర్ణయించారు. పనిని పదిమందికీ పంచడమంటే ఇదీ.

ఆ మూడు మీటలు నొక్కితే వచ్చే పెట్టెలో క్యాచీ పక్కనే కుకీలకూ చరిత్రకూ ముందే టిక్కులు పెట్టి ఉంటాయి. పెన్షన్ కోసం కూర్చున్న పెద్దాయనకు వాటిని తీసెయ్యాలని ఎవరూ చెప్పరు. ఆయన ‘క్లియర్’ నొక్కుతాడు. బ్యాంకు, మెయిలు, సగం నింపిన దరఖాస్తు, అన్నిట్లోంచీ ఒక్క దెబ్బతో బయటపడతాడు. మళ్లీ లాగిన్, మళ్లీ పాస్‌వర్డ్, పాస్‌వర్డ్ గుర్తులేక మళ్లీ ఓటీపీ. ఈలోగా మీ బటన్ అలాగే ఉంటుంది. కంట్రోల్, ఎఫ్ 5 కలిపి నొక్కితే ఆ ఒక్క పేజీని సర్వర్ నుంచి కొత్తగా తెచ్చుకోవచ్చనీ, చిరునామా పక్కనున్న గుర్తు నొక్కి ఆ ఒక్క సైటు సమాచారాన్నే తుడుచుకోవచ్చనీ చెబితే మంత్రం మహిమ తగ్గిపోదూ?

మంత్రం పారకపోతే రెండో ఉపదేశం: ‘వేరే బ్రౌజర్‌లో చూడండి.’ దీని వెనక ఘనమైన చరిత్ర ఉంది. ‘ఈ వెబ్‌సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో 1024 బై 768 కొలతలో చక్కగా కనబడును’ అని పేజీ అడుగున చెక్కిన శాసనాలు మన తరం వాళ్లందరూ చూసినవే. తలుపును బట్టి మనిషిని కొలవడం మీ ఆచారం. ఆ ఎక్స్‌ప్లోరర్‌ను కన్న మైక్రోసాఫ్టే 2022 జూన్ 15న దానికి నీళ్లు వదిలింది. శాసనం మాత్రం శాసనమే కదా, చెరిపితే పాపం.

ఏకబ్రౌజర్ వ్రతంలో దక్షిణ కొరియాని మించినవారు లేరు. 1990ల చివర ఆ దేశం తన సొంత రహస్యలిపి పద్ధతిని, సీడ్ అనేదాన్ని, తయారు చేసుకుంది. అది అప్పటి ఏ బ్రౌజర్‌లోనూ లేదు. దాన్ని తగిలించడానికి యాక్టివ్ఎక్స్ అనే ముక్కలు వాడారు, అవి నడిచేది ఎక్స్‌ప్లోరర్‌లోనే. బ్యాంకుకి వెళ్లాలన్నా, షాపింగ్ చెయ్యాలన్నా, సర్కారు కాగితం కావాలన్నా ఒకటే కిటికీ. ప్రపంచంలో అత్యంత వేగమైన ఇంటర్నెట్ కొన్నవాళ్లలో ముందున్న దేశం, ఆ వేగాన్నంతా ఒక ముసలి బ్రౌజర్ ముందు కట్టేసుకుని ఏళ్లకేళ్లు గడిపింది. ఆ ఏకబ్రౌజర్ పద్ధతికి మూలమైన అధికారిక డిజిటల్ సర్టిఫికెట్ల ప్రత్యేక హోదా చట్టంలోంచి పోయింది 2020 డిసెంబరులో.

దక్షిణాఫ్రికా పన్నుల శాఖ ఇంకో మెట్టు ఎక్కింది. బ్రౌజర్లో బొమ్మల్ని ఆడించే ఫ్లాష్‌కి 2020 ఆఖరుతో కాలం చెల్లుతుందని అడోబీ 2017 జూలైలోనే చాటింపు వేసింది. మూడున్నరేళ్లు గడువు. చెప్పినట్టే 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ బొమ్మలు నడవడమే మానేశాయి. ఆ శాఖ ఫారాలు కొన్ని అప్పటికీ ఫ్లాష్‌లోనే ఉన్నాయి. ఇంకొకరైతే ఫారాలు మార్చుకుంటారు. వాళ్లు ఆ ఫారాల కోసం ఏకంగా ఒక బ్రౌజర్‌నే విడుదల చేశారు! ఇంతకన్నా నిష్ఠ ఎక్కడైనా ఉందా? పొగడబోయి నా దగ్గర మాటలు అయిపోయాయి.

బ్రౌజర్ల గోత్రం అడిగి లోపలికి రానిచ్చే మీ పద్ధతి వల్ల కలిగిన మేలు ఇంకొకటుంది. నిజం చెప్పే బ్రౌజర్ భూమ్మీద లేకుండా పోయింది. తొలిరోజుల్లో కొన్ని సైట్లు మొజిల్లా అన్న పేరు చెప్పిన నెట్‌స్కేప్‌కే మంచి పేజీలు వడ్డించేవి. దాంతో ఎక్స్‌ప్లోరర్ కూడా తాను మొజిల్లానే అని చెప్పుకుంది. వెనక వచ్చినవాళ్లందరూ అదే బాట. ఈ రోజు క్రోమ్ ఏ సైటు గడప తొక్కినా ప్రవర ఇలా చదువుతుంది: నేను మొజిల్లాని, ఆపిల్ వెబ్‌కిట్‌ని, కేహెచ్‌టీఎమ్‌ఎల్‌ని, గెకో వంటివాణ్ణి, క్రోమ్‌ని, సఫారీని. ఇంతమంది తాతల పేర్లు చెప్పుకుంటే గానీ లోపలికి రానివ్వని మీ గుమ్మాల పవిత్రత వల్లే కదా ఇదంతా.

ఇప్పుడు కాస్త గర్భగుడిలోకి వెళదాం. కంప్యూటర్లో ఎఫ్ 12 మీట నొక్కితే తెర పక్కన ఒక పలక తెరుచుకుంటుంది. అందులో ‘కన్సోల్’ అన్నచోట ఎర్ర అక్షరాలు వరసగా ఉంటాయి. మీరు మాతో చెప్పనివన్నీ అక్కడ రాసి ఉంటాయి. పక్కనే ‘నెట్‌వర్క్’ అన్నచోట మీ పేజీ ఎవరెవరి దగ్గర చెయ్యి చాచిందో కనబడుతుంది. ఒకరి నుంచి అక్షరాలు, ఒకరి నుంచి మ్యాపు, ఇంకొకరి నుంచి చాట్ పెట్టె, మరొకరి నుంచి మా కదలికల లెక్క. ఒక్క దరఖాస్తు ఫారం కోసం మీరు ఇంతమంది పరాయివాళ్లను ఇంట్లోకి పిలుస్తారని ఆ పలక చూసేదాకా తెలియదు. మీ ఆతిథ్యం అలాంటిది.

పిలిచినవాళ్లలో ఒకడికి జ్వరం వస్తే ఏమవుతుంది? 2021 జూన్ 8న, సైట్ల పేజీల్ని జనానికి చేరవేసే ఫాస్ట్‌లీ అనే సంస్థ ఖాతాదారుల్లో ఒకరు తన సెట్టింగు ఒకటి మార్చుకున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ మార్పు, నెల కిందట చేరిన సాఫ్ట్‌వేర్‌లో దాగిన లోపాన్ని కదిపింది. ఫాస్ట్‌లీ నెట్‌వర్కులో 85 శాతం ఎర్రర్లు చూపించడం మొదలుపెట్టింది. గార్డియన్, న్యూయార్క్ టైమ్స్, బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు, అన్నీ ఒకేసారి మూగబోయాయి. 49 నిమిషాల్లో 95 శాతం నెట్‌వర్కు కోలుకుంది. ఆ 49 నిమిషాల్లో ఎన్ని సహాయ కేంద్రాలు క్యాచీ తుడిపించాయో దేవుడికెరుక. పాత బ్రౌజర్లకు కొత్త విద్యలు నేర్పడానికి పుట్టిన పాలీఫిల్ స్క్రిప్టు కథ ఇంకా ముచ్చటైనది. లక్షకు పైగా సైట్లు దాన్ని ఒకే చిరునామా నుంచి తెచ్చుకునేవి. 2024లో ఆ చిరునామా చేతులు మారింది, ఆ జూన్‌కల్లా అక్కణ్ణుంచి వచ్చే స్క్రిప్టులో విషం బయటపడింది. మా బ్రౌజర్ పాతదని జాలిపడి మీరు పిలిచిన వైద్యుడు కదా, చెయ్యి చూపించుకోక తప్పుతుందా?

మేమేమో ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్లు పెట్టుకుంటాం. అవి మా కదలికల్ని లెక్కపెట్టే స్క్రిప్టును గుమ్మం దగ్గరే ఆపుతాయి. బాగానే ఉంది. కానీ మీరు ‘సమర్పించు’ బటన్‌ను ఆ లెక్కల స్క్రిప్టు తోకకు ముడివేస్తారు. లెక్కరాసేవాడు రాలేదు కనక బటన్ కదలదు. అసలు విషయం ఏమిటంటే, నొక్కగానే ఫారం వెళ్లిపోయే బటన్ జావాస్క్రిప్ట్ కన్నా వయసులో పెద్దది. బ్రెండన్ ఐక్ 1995 మేలో పదిరోజుల్లో జావాస్క్రిప్ట్ రాయకముందే బ్రౌజర్లకు ఫారాలు పంపడం వచ్చు. దానంతటది పనిచేసే బటన్‌ను తీసేసి, వందల కిలోబైట్ల స్క్రిప్టు అండతో అప్పుడప్పుడూ పనిచేసే బటన్‌ను తయారు చెయ్యడానికి మీకు ముప్పై ఏళ్ల కృషి పట్టింది. దాన్ని మీరు ఆఫీసు వైఫైలో, కొత్త ల్యాప్‌టాపులో, తాజా క్రోమ్‌లో పరీక్షించి పాసు చేస్తారు. వాడేవాడి చేతిలో ఉన్నది అయిదేళ్ల కిందటి ఫోను, దాంట్లో ఒక గీత సిగ్నలు. పరీక్ష రాసింది మీరు, ఫెయిలయింది వాడు.

సర్టిఫికెట్ల విషయంలో మీ బోధన కాస్త భయం పుట్టించే రకం. సైటు అసలుదేనని బ్రౌజర్‌కు చూపే సర్టిఫికెట్ గడువు మీరే మరిచిపోతారు, బ్రౌజర్ ఎర్ర తెర దించి ‘ఇక్కడికి వెళ్లొద్దు’ అని అరుస్తుంది. అప్పుడు మీ సలహా: ‘అడ్వాన్స్‌డ్ నొక్కి, ముందుకు వెళ్లండి సార్, ఏం కాదు.’ బ్యాంకులు ఏళ్ల తరబడి జనానికి నేర్పిన జాగ్రత్తను ఒక్క ఫోన్ కాల్‌తో మరిపించగలిగారు. గడువు మరవడం పెద్దింటివాళ్లకూ తప్పలేదు లెండి. 2019 మే మొదటి వారంలో మొజిల్లా సంస్థ సర్టిఫికెట్ ఒకటి కాలం తీరి, ఫైర్‌ఫాక్స్‌లో జనం పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్లు ప్రపంచమంతటా ఒక్కసారే ఆగిపోయాయి. వాళ్లు తప్పు తమదని చెప్పుకుని సరిచేశారు. మీరు ఆ పాటి తొందరపడరు. న్యాయంగా చెప్పాలంటే ఎర్ర తెరకు కారణం కొన్నిసార్లు మా పెట్టెలోనే ఉంటుంది. పాత కంప్యూటర్లో నాణెమంత బ్యాటరీ అయిపోతే గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి వెళుతుంది. ఆ తేదీకి మీ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేసి బ్యాటరీ మారిస్తే సరి. ఈ ఒక్క చోట తప్పు మాది, కాకపోతే ఇక్కడా మీరు చెప్పేది క్యాచీయే.

తెలుగు మీద మీ అభిమానం గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. 1990ల చివర తెలుగు పత్రికల సైట్లకు ఒక్కోదానికి ఒక్కో ఫాంటు. నెట్‌స్కేప్‌కి ఒక రకం, ఎక్స్‌ప్లోరర్‌కి ఇంకో రకం. అమెరికాలో కూర్చుని ఊరి వార్త చదవబోయినవాడికి ఫాంటు దిగకపోతే ముత్యాల్లాంటి అక్షరాలకు బదులు రోమన్ పిచ్చిగీతలు కనబడేవి. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటును తెచ్చింది, యూనికోడ్ కుదురుకుంది, ఆ బాధ తీరింది. అయినా మీరు పట్టు వదల్లేదు. ‘పేరు తెలుగులో రాయండి’ అని పెట్టె ఇచ్చి, రాసిన పేరును యూనికోడ్ ఎరగని డేటాబేసులో పడేసి, ప్రింటులో వరసగా ప్రశ్నార్థకాలు తీసి ఇస్తారు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో యాప్‌లు ‘జ్ఞా’ అనే అక్షరం ఒకానొక కూర్పులో తెర మీదకు రాగానే కుప్పకూలేవి. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 తెచ్చి బాగుచేసింది. మన అక్షరానికి అంత బలం ఉందని తెలిసింది అప్పుడే.

మీ దయవల్ల బతుకుతున్నవాడు ఒకడున్నాడు, సందు చివర ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు. మీ సైటు పనిచేస్తే వాడి దగ్గరికి ఎవరు వెళతారు? వాడికి మీ మంత్రంతో పనిలేదు. పేజీని ముందు ప్రైవేటు విండోలో తెరుస్తాడు. అక్కడ పనిచేస్తే తప్పు పాత సరుకుదో ఎక్స్‌టెన్షన్లదో అని తేలిపోతుంది. ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటే ఆపి చూస్తాడు. పాపప్‌లు ఆపే సెట్టింగు చూస్తాడు, డబ్బు కట్టే కిటికీ అక్కడే చిక్కుకుంటుంది కనక. వైఫై తీసి ఫోన్ డేటా కలుపుతాడు. అదీ కాకపోతే ఎఫ్ 12 నొక్కి ఎర్ర అక్షరాల్లో మొదటి వరస చూస్తాడు. 404 అయితే ఆ ఫైలే అక్కడ లేదు, 403 అయితే రానివ్వడం లేదు, 500, ఆపైన అయితే జబ్బు సర్వర్‌ది. అది చూడగానే కంప్యూటర్ కట్టేసి, ‘రేపు పొద్దున్నే రండి బాబాయ్, వాళ్ల వైపే పోయింది’ అంటాడు. మీ సహాయ కేంద్రాలు చెప్పని నిజం వాడు చెబుతాడు, దానికి వాడు తీసుకునేది టీ డబ్బులు.

పాఠకులకు ఒక మనవి. సహాయ కేంద్రానికి రాసేటప్పుడు ‘సైటు పనిచెయ్యడం లేదు’ అని రాయకండి, ఆ వాక్యానికి జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. ఏ పేజీ, ఏ బటన్, ఎన్ని గంటలకు, ఏ బ్రౌజర్, ఆ ఎర్ర వరస ఫోటో, ఇవన్నీ పెట్టి పంపండి. అయినా క్యాచీ తుడవమంటే ఇలా అడగండి: ‘ప్రైవేటు విండోలోనూ ఇంతే వస్తోంది. అది ఖాళీ క్యాచీతోనే మొదలవుతుంది కదా బాబూ, ఇంకెక్కడ తుడవమంటావు?’